ఉమ్మి ప్రాజెక్టు: నా రోజువారీ రాతలు

జనవరి 18

ఫిబ్రవరి ఆఖర్లో కాలేజీలో సైన్స్ ఎగ్జిబిషన్. మా జువాలజీ వాళ్ళం ఏటా గుండో కిడ్నీయో థర్మోకోల్‌తో చేసి, ఎరుపు నీలం రంగులు పూసి, పక్కన ఇద్దరు పిల్లల్ని నిలబెట్టి అప్పజెప్పించడం మామూలే, ఈసారి నాకే విసుగొచ్చి లాలాజల గ్రంథి పెడతానన్నాను. స్టాఫ్ రూములో ఫిజిక్స్ సార్ "అంటే ఉమ్మి ప్రాజెక్టా మేడం?" అన్నారు. అందరూ నవ్వారు. సరే, ఉమ్మి ప్రాజెక్టే.

అసలు సంగతి, ఇది కాలేజీ కోసం మొదలవలేదు. మా అత్తయ్యకి రెండు నెలల నుంచీ నోరు ఎండిపోతోంది. రాత్రి మూడింటికి లేచి చెంబెడు నీళ్ళు తాగుతారు. మొన్న సంక్రాంతికి అరిసె ముక్క నోట్లో వేసుకుని "పొడిపిండి బుక్కినట్టుంది అమ్మాయ్" అని పక్కన పెట్టేశారు, అరిసె వద్దనడం నా పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి. "నోట్లో ఊట ఎండిపోయిందేమోనే, వయసైపోయింది కదా" అంటున్నారు. ఊట ఎండిందా, లేక ఊట తెరిచే చెయ్యి ఆగిందా అని నా అనుమానం. ఆవిడకి షుగర్ వల్ల కాళ్ళ మంటలు, దానికి రాత్రిపూట అమిట్రిప్టిలిన్ బిళ్ళ వేసుకుంటున్నారు, అదీ రెండు నెలల నుంచే.

జనవరి 20

పట్నంబజారులో బంగారం పనివాళ్ళు వాడే చిన్న డిజిటల్ కాటా కొన్నాను, గ్రాములో నూరో వంతు దాకా చూపిస్తుంది. మూతలున్న బుల్లి ప్లాస్టిక్ డబ్బాలు ఇరవై. పద్ధతి సులువే: తిని గంటైనా అయ్యాక, నోట్లో ఉన్నది ఒకసారి మింగేసి, తల కాస్త ముందుకు వంచి కూర్చోవాలి. అయిదు నిమిషాలు మింగకూడదు, మాట్లాడకూడదు, నాలుకతో బుగ్గలు పీల్చకూడదు. ఊరింది ఊరినట్టు డబ్బాలో వదలాలి. తర్వాత తూచి డబ్బా బరువు తీసేస్తే సరి, ఒక గ్రామంటే దాదాపు ఒక మిల్లీలీటరు.

మొదటిరోజు అంతా వృథా. ఫ్యాను గాలికి కాటా అంకెలు కుదురుగా నిలబడలేదు. మావారు మధ్యలో నవ్వొచ్చి మింగేశారు. మా అబ్బాయి, ఇంటర్ సెకండియర్ బైపీసీ, దీన్ని పందెం అనుకుని బుగ్గలు పీల్చి పీల్చి 4 గ్రాములు తెచ్చాడు, కొట్టేశాను (లెక్కని, వాణ్ణి కాదు).

జనవరి 23

మూడు రోజులుగా సాయంత్రం నాలుగింటికే తూస్తున్నాం, ఎందుకంటే లాలాజలం రోజంతా ఒకేలా ఊరదు. మధ్యాహ్నం దాటాక ఎక్కువ, నిద్రలో దాదాపు సున్నా. అత్తయ్య రాత్రి మూడింటికే ఎందుకు లేస్తున్నారో ఇక్కడే సగం అర్థమైంది, మామూలుగానే ఆ వేళకి ఊట ఉండదు, దాని మీద రాత్రి బిళ్ళ.

ఏమీ తినకుండా ఊరికే కూర్చున్నప్పుడు పెద్దవాళ్ళలో నిమిషానికి 0.3 నుంచి 0.4 మిల్లీలీటర్లు ఊరడం మామూలు. 0.1 కంటే తగ్గితే నోరు ఎండిన లెక్క. మా అబ్బాయికి 0.38 వచ్చింది, నాకు 0.31, మావారికి ఇంచుమించు అంతే. అత్తయ్యకి అయిదు నిమిషాలకి 0.45 గ్రాములు, అంటే నిమిషానికి 0.09.

ఆవిడ డబ్బా చూసి "ఇంతేనా?" అన్నారు. ఆ చూపు నాకు నచ్చలేదు, అందుకే రేపు చేద్దామనుకున్న నిమ్మరసం పరీక్ష ఆ రాత్రే పెట్టాను.

అదే రోజు, రాత్రి

నాలుక మీద అర నిమిషానికో నిమ్మరసం చుక్క, వేసిన చుక్కల బరువు తర్వాత తీసేశాం. అత్తయ్యకి అయిదు నిమిషాల్లో 3.6 గ్రాములు! నిమిషానికి 0.7 పైమాటే. మా అబ్బాయికి ఇంతకి మూడింతలు వచ్చింది, అది వేరే విషయం. కానీ గ్రంథి చచ్చిపోయి ఉంటే నిమ్మకాయ పిండినా రాదు కదా. పుల్లదనం నాలుక నుంచి మెదడు కాండానికి వెళ్ళి, అక్కడ లాలాజల కేంద్రాలనుంచి తిరుగు ఆర్డర్ నరాల మీద గ్రంథికి వస్తేనే ఊరేది. గట్టిగా పిలిస్తే పలుకుతోంది, మెల్లగా పిలిస్తే వినపడటం లేదు.

తర్వాత టార్చి వేసి చూపించాను. పై దవడలో రెండో పెద్ద దంతానికి ఎదురుగా బుగ్గ లోపల చిన్న బొడిపె ఉంటుంది, అది పెరోటిడ్ అనే, చెవి ముందుండే లాలాజల గ్రంథి గొట్టం నోరు. గుడ్డతో బుగ్గ తుడిచి నిమ్మచుక్క నాలుక మీద వేస్తే ఆ బొడిపె మీద నీటిబొట్టు ఉబ్బుతూ కనిపిస్తుంది, మా అబ్బాయి బుగ్గలో అది చూసి అత్తయ్య చిన్నపిల్లలా సంబరపడ్డారు. ఆవలిస్తే నాలుక కింద నుంచి చివ్వున చిమ్మేది వేరే, అది దవడ కింద ఉండే అధోజంభిక గ్రంథిది. ఊరికే ఉన్నప్పుడు నోట్లో తడిలో ఎక్కువ వాటా దీనిదే, నమిలేటప్పుడు పెరోటిడ్ అందుకుంటుంది. ఇద్దరికీ నరాలు వేరు: పెరోటిడ్‌కి తొమ్మిదో కపాల నాడి, దవడ కింద, నాలుక కింద ఉన్నవాటికి ఏడోది. ఏడో నాడి కొమ్మ చెవిలో కర్ణభేరి పక్కనుంచి వెళ్తుంది, ఎంత చుట్టుదారో చూడండి.

జనవరి 28

ఆవకాయ జాడీ మూత తీసి ఎదురుగా పెట్టి తూచాం. నాకు నోట్లో నీళ్ళూరుతున్నాయని ఒట్టేసి చెప్పగలను. కాటా మాత్రం 0.31కి బదులు 0.34 అంది, అది రోజువారీ తేడాలో కలిసిపోతుంది. వాసన పీలిస్తే ఇంకొంచెం పెరిగింది. మనుషుల్లో కంటిచూపుకి లాలాజలం, రష్యన్ శాస్త్రవేత్త పావ్లోవ్ కుక్కల్లో పెరిగినంత స్పష్టంగా పెరగదట, నోట్లో అప్పటికే ఉన్న తడి మీదకి ధ్యాస మళ్ళడం కూడా 'నీళ్ళూరడం'లో ఒక భాగం. పావ్లోవ్ కుక్కల గ్రంథి గొట్టాన్ని బుగ్గ బయటికి తిప్పి చుక్కలు లెక్కపెట్టాడు, ఆయనకి 1904లో నోబెల్ వచ్చింది మాత్రం జీర్ణక్రియ పనికే. మా కాటా ఉమ్మినంతా కలిపి తూస్తుంది, ఆయన ఒక్క గ్రంథినే చూశాడు, పోలిక సరిగా లేదని ఒప్పుకుంటున్నా.

జనవరి 31

మిర్చి. గుంటూర్లో ఉండి మిర్చి లేకుండా ఏ ప్రయోగం చేస్తాం. యార్డులో సరుకు దిగడం మొదలైంది, ఆ పక్క రోడ్డున బండి మీద వస్తుంటే తుమ్ములే తుమ్ములు. ఎండు సన్నాల తొడిమ దగ్గర గింజలంటుకున్న తెల్లటి ముక్క, గోరంత, మా అబ్బాయి నాలుక మీద. వాడు మూడు నిమిషాలకే డబ్బా నింపేశాడు, కళ్ళల్లో నీళ్ళు, ముక్కులో నీళ్ళు, "అమ్మా ఇది సైన్స్ కాదు" అని అరుపు. నిజానికి సైన్సే. మిరపలో కారం రుచి కాదు, నొప్పీ వేడీ మోసుకెళ్ళే అయిదో నాడిని తడుతుంది. తిరుగు ఆర్డర్ ఇచ్చే పారాసింపథెటిక్ (మన ప్రమేయం లేకుండా గ్రంథుల్ని పనిచేయించే నరాలు) దారుల్లో ఏడో నాడి నోటికీ పోతుంది, కన్నీటి గ్రంథికీ పోతుంది, ముక్కుకీ పోతుంది. అందుకే మూడూ ఒకేసారి కారాయి. అత్తయ్య మీద ఈ ప్రయోగం చెయ్యలేదు.

ఫిబ్రవరి 3

మోడల్ మొదటి రూపం, ఫెయిల్.

మెడికల్ షాపులో సెలైన్ సెట్ కొన్నాం. పైన సీసా రక్తం, మధ్యలో చక్రం నరం, కింద గొట్టం నోరు. చక్రం తిప్పితే చుక్కలు పడతాయి. చూడ్డానికి బాగుంది, పిల్లలకి నచ్చింది. రాత్రి పడుకోబోతుంటే తట్టింది, ఇది పచ్చి తప్పు. ఇక్కడ నీళ్ళు పై నుంచి ఒత్తిడికి కిందకి జారుతున్నాయి, అంటే రక్తం వడగట్టితే ఉమ్మి వస్తుందని చెప్పినట్టు. 1851 నాటికే కార్ల్ లుడ్విగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త అది కాదని చూపించాడు. నరాన్ని ప్రేరేపిస్తూ గొట్టంలో ఒత్తిడి కొలిస్తే ధమనిలో రక్తపు ఒత్తిడి కన్నా ఎక్కువ వచ్చింది! కింద ఉన్న నీళ్ళు తమంత తాము పైకెక్కవు కదా, గ్రంథి కణాలే పని చేసి తోడుతున్నాయన్నమాట. నరం కొసనుంచి అసిటైల్‌కోలిన్ అనే రసాయనం పడుతుంది, కణంలో కాల్షియం పెరుగుతుంది, క్లోరైడ్ తలుపులు తెరుచుకుని ఉప్పు గొట్టంలోకి పోతుంది, ఉప్పు వెనక నీళ్ళు పోతాయి. పచ్చడి ముక్కలకి ఉప్పు పట్టిస్తే ఊట దిగుతుంది చూశారూ, అలాంటిదే.

కాబట్టి చక్రం కాదు, పంపు కావాలి. నరం కుళాయి కాదు, మోటారు స్విచ్చి.

ఫిబ్రవరి 7

ఈరోజు రాసుకోవాలంటే కాస్త సిగ్గుగా ఉంది.

మావాడికి ప్రాక్టికల్స్. బయల్దేరేముందు ఏడున్నరకి "ఒక్క అయిదు నిమిషాలు" అని బతిమాలి డబ్బా ఇచ్చాను. 0.7 గ్రాములు, నిమిషానికి 0.14, రోజూ వచ్చేదానిలో సగం కూడా కాదు. (పొద్దుట పూట మామూలుగానే తక్కువ ఉంటుంది, నాలుగింటి లెక్కతో పోల్చడం సబబు కాదని మర్నాడు ఏడున్నరకే మళ్ళీ తూచా: 0.27.) టెన్షన్‌కి నాలుక పిడచ కట్టుకుపోవడం ఇదే.

పన్నెండేళ్ళుగా క్లాసులో నేను చెబుతున్నది: పారాసింపథెటిక్ ఊరిస్తుంది, సింపథెటిక్ (భయం, కంగారు వేళ పనిచేసే నరాలు) ఆపుతుంది. బోర్డు మీద రెండు గడులు గీసి ప్లస్ మైనస్ పెట్టేదాన్ని. అది తప్పట. సింపథెటిక్ నరం కూడా గ్రంథిని ఊరించేదే, కాకపోతే నీళ్ళు తక్కువ, ప్రొటీన్ ఎక్కువ. ఆ నరం వదిలే నార్‌ఎడ్రినలిన్ తగిలితే కణాల్లో దాచుకున్న ఎమైలేజ్ (పిండిని అరిగించే ఎంజైమ్) సంచులు గొట్టంలోకి బద్దలవుతాయి. భయపడ్డప్పుడు గ్రంథి దగ్గర ఎవరూ బ్రేకు వెయ్యరు, పైన మెదడే లాలాజల కేంద్రాలని నొక్కిపెట్టి పారాసింపథెటిక్ ఆర్డర్‌ని తగ్గించేస్తుంది. నీళ్ళ ఆర్డర్ ఆగి, చిక్కటిది కొంచెమే మిగలడంతో నోరు జిగురు జిగురుగా అంటుకుపోతుంది. పన్నెండు బ్యాచిల పిల్లలకి క్షమాపణ ఎలా చెప్పాలో తెలియదు, వచ్చే వారం ఈ ఏటి వాళ్ళకైనా బోర్డు మీద ఆ మైనస్ చెరిపేస్తాను.

ఫిబ్రవరి 10

మోడల్ రెండో రూపం. చేపల తొట్టిలో పెట్టే బుల్లి పంపు, దానికో కాలింగ్ బెల్ స్విచ్చి, ఇది పారాసింపథెటిక్. పక్కన పెద్ద సిరంజిలో చిక్కటి గంజి, ఇది సింపథెటిక్, గంజి ఐడియా మావాడిది. రెండూ ఒకే గొట్టంలో కలిసి గాజుగ్లాసులో పడతాయి. ముందుభాగాన ప్లాస్టిక్ ద్రాక్షగుత్తి అతికించాం, లాలాజల కణాల గుంపులు అచ్చం అలాగే ఉంటాయి. స్విచ్చి నొక్కితే బుడబుడా నీళ్ళు, సిరంజి నొక్కితే జారుడు జారుడుగా గంజి, రెండూ కలిపి నొక్కితే అసలైన ఉమ్మిలా ఉందని అందరూ "ఛీ" అన్నారు. అంటే బాగా కుదిరిందని అర్థం.

గొట్టాలు దారిలో సోడియం వెనక్కి లాక్కుని ఉమ్మిని చప్పగా చేస్తాయి, అది మోడల్లో పెట్టలేకపోయాం.

ఫిబ్రవరి 12

అన్నయ్య ఫోన్ చేశాడు. మిర్చికి మందు కొడుతున్నాడు, ప్రాజెక్టు సంగతి చెబితే "ఆ రోజు నాకు కారిన చొంగ నీ కాటా పట్టేది కాదు" అన్నాడు. నాలుగేళ్ళ క్రితం గాలికి ఎదురుగా పురుగుమందు కొట్టి, నోట్లోంచి చొంగ ధార కట్టి, కళ్ళు చిన్నవైపోయి, చెమటలతో పొలంలోనే కూలబడ్డాడు. ఆ రకం మందులు అసిటైల్‌కోలిన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్‌ని పట్టేస్తాయి, అంటే స్విచ్చి నొక్కినచోటే ఇరుక్కుపోతుంది. ఆసుపత్రిలో అట్రోపిన్ మీద అట్రోపిన్ ఎక్కించారు, ఊపిరితిత్తుల్లో చేరిన నీరు తగ్గేదాకా. మన ఉమ్మెత్తలో ఉండేదీ ఆ జాతి మందే, అది తిన్నవాళ్ళకి నోరెండి కళ్ళు పెద్దవవుతాయి. అత్తయ్య బిళ్ళకి అట్రోపిన్ చుట్టరికం ఉంది, నరాల నొప్పికి వేసినా పక్కపనిగా అసిటైల్‌కోలిన్ కూర్చునే కుర్చీలో ఇదెక్కి కూర్చుంటుంది. ఒకే వాక్యంలో మా అన్నయ్య, మా అత్తయ్య ఎదురెదురుగా నిలబడ్డారు.

ఫిబ్రవరి 15

మోడల్‌లో ఒక లోపం నన్ను వదలడం లేదు. ఈ పంపుని నెల రోజులు నొక్కకుండా వదిలేసినా పంపు పంపులాగే ఉంటుంది. గ్రంథి అలా ఉండదు, నరం తెగితే చిక్కిపోతుంది. ఎలుకలకి గట్టి తిండి మానిపించి ద్రవాహారం పెడితే చాలు, నమలక పెరోటిడ్ బరువు తగ్గిపోతుంది, మళ్ళీ గట్టి తిండి పెడితే కోలుకుంటుంది. సింపథెటిక్ వైపు నుంచి తోసినా అంతే, 1961లో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త వాళ్ళు ఎలుకలకి ఐసోప్రొటెరినాల్ (సింపథెటిక్ రసాయనంలా పనిచేసే మందు) ఇస్తూ పోతే గ్రంథులు బాగా ఉబ్బిపోయాయి. నరం ఆర్డర్ ఇవ్వడమే కాదు, గ్రంథికి కూడూ పెడుతోంది.

పుట్టకముందు ఇంకా విచిత్రం. చిట్టెలుక పిండంలో అధోజంభిక గ్రంథి ఒక మొగ్గలా మొదలై చీలి, చీలి కొమ్మలవుతుంది, పిండంలోంచి తీసి పళ్ళెంలో పెట్టినా రెండు రోజుల్లో కొమ్మలేస్తుంది. దాన్ని అంటిపెట్టుకుని ఓ నరాల ముడి కూడా పెరుగుతూ ఉంటుంది. 2010లో సారా నాక్స్, మాథ్యూ హాఫ్‌మన్ బృందం ఆ ముడిని తీసేసి చూశారు: మొగ్గలు తగ్గిపోయాయి, ముందు ముందు గొట్టాలుగా మారాల్సిన మూలకణాలు నిలవలేదు. అసిటైల్‌కోలిన్‌లా పనిచేసే మందు వేస్తే తిరిగి నిలిచాయి. అంటే పెద్దయ్యాక నీళ్ళు ఊరించే ఆ ఒక్క రసాయనమే చిన్నప్పుడు గ్రంథిని పెంచేది కూడా. 2013లో అదే దారిలో, రేడియేషన్ తిన్న చిట్టెలుక పిండపు గ్రంథులకి నరాలని బతికించే న్యూర్టురిన్ అనే ప్రొటీన్ ఇస్తే గ్రంథి కోలుకుంది. కేన్సర్‌కి మెడ దగ్గర రేడియేషన్ తీసుకున్నవాళ్ళకి నోరెండిపోయే బాధ తెలిసినవాళ్ళకి ఇదెంత పెద్ద మాటో అర్థమవుతుంది.

ఇదంతా వంటింట్లో అత్తయ్యకి చెబుతుంటే "బీరపాదుకి పందిరి లాగా" అన్నారు. బాగుంది, కానీ ఇక్కడ పాదు కూడా పందిరిని పిలుస్తోంది అత్తయ్యా, ఆ న్యూర్టురిన్‌ని వదిలేది గ్రంథి మొగ్గలే, దాన్ని పట్టుకునే నరం అటు పాకుతుంది. "అయితే మొగుడూపెళ్ళాం లాగా" అన్నారు. మావారు పేపరు మడిచి లేచిపోయారు.

ఇంకో కథ ఆపుకోలేక ఇక్కడే రాస్తున్నా. నరాల్ని పెంచే పదార్థం ఏమిటని రీటా లెవీ మోంటల్చినీ, స్టాన్లీ కోహెన్ కణితి రసంలో వెతుకుతున్నారు. అందులో న్యూక్లిక్ ఆమ్లాలు విరగ్గొట్టడానికి పాము విషం కలిపితే నరాలు ఇంకా గుబురుగా పెరిగాయి, చివరికి తేలిందేమిటంటే విషంలోనే ఆ పదార్థం దండిగా ఉంది. పాము విషగ్రంథి అంటే మారిన లాలాజల గ్రంథే కదా అని కోహెన్ చిట్టెలుక లాలాజల గ్రంథి తీసి చూస్తే, అందులోనూ ఉంది. ఇద్దరికీ 1986లో నోబెల్. తోటలో తాచు కనబడితే మా అన్నయ్యకి ఇది చెప్పి చూస్తాను.

అదే రోజు మరో మాట. ఎలుకల ద్రవాహారం సంగతి విన్నాక అత్తయ్య కాసేపు మాట్లాడలేదు. నోరెండడంతో కట్టుడుపళ్ళు నిలవక (పళ్ళ సెట్టు చిగురుకి అతుక్కోవాలంటే మధ్యన ఉమ్మి పొర ఉండాలి) ఆవిడ రెండు నెలలుగా వాటిని డబ్బాలో పెట్టి, మెత్తటి అన్నం, మజ్జిగ, జావ మీదే గడిపేస్తున్నారు. ఉమ్మి లేక నమలడం మానారు, నమలక ఉమ్మి ఇంకా తగ్గింది. రాత్రి చూస్తే పళ్ళ డబ్బా బీరువాలోంచి అద్దం ముందుకి వచ్చింది.

ఫిబ్రవరి 18

డాక్టరు గారి దగ్గరికి కాటా లెక్కల కాగితం పట్టుకెళ్ళాం. బిళ్ళ మేమే ఆపేద్దామని మావారు అన్నారు, నేను ఒప్పుకోలేదు, కాళ్ళ మంట తిరగబెడితే ఎవరు చూస్తారు. డాక్టరు గారు కాగితం రెండుసార్లు చదివి, "ఎవరు తూచారు?" అని అడిగి, ఆ బిళ్ళ మెల్లగా తగ్గిస్తూ వేరేదానికి మార్చారు. పళ్ళ సెట్టు సరిచేయించుకోమన్నారు.

ఫిబ్రవరి 26

ఎగ్జిబిషన్ అయిపోయింది. పదిన్నరకే పంపు గొట్టం ఊడి గంజి నీళ్ళు చీఫ్ గెస్ట్ చెప్పుల మీద పడ్డాయి. రాగితీగకి మైనం మొగ్గలు అంటించి గ్రంథి పెరుగుదల చూపించిన అట్ట దగ్గర మాత్రం జనం ఆగారు, ఒక కొమ్మకి ఎర్రదారం చుట్టాం, అది నరం, దానికి మొగ్గలు నిండుగా, దారం లేని కొమ్మకి నాలుగే. ఆరో తరగతి పిల్ల ఒకతి "మేడం, ముందు దారం వస్తుందా కొమ్మ వస్తుందా?" అనడిగింది. రెండూ పక్కపక్కనే పుట్టి ఒకదాన్నొకటి పిలుచుకుంటాయమ్మా అన్నాను. నమ్మలేదు.

మార్చి 9

అత్తయ్య: 0.45 నుంచి 0.95 గ్రాములకి. నిమిషానికి 0.19, ఇంకా మామూలు కాదు, కానీ మూడు రోజులూ అంతే వచ్చింది. కొత్తగా సరిచేసిన పళ్ళతో వేయించిన వేరుశనక్కాయలు నములుతూ తూకానికి కూర్చోబోతే, గంట ఆగాలి అన్నాను. "అయితే ఈలోగా తమలపాకు వేసుకుంటా, అది నమిలితే ఎంతొస్తుందో అదీ తూచు" అన్నారు. సున్నం ఎక్కువ వెయ్యొద్దని చెప్పి డబ్బాలు కడగడానికి వెళ్ళాను.